తెర ఏం చేయాలి, చెయ్యి ఏం చేయాలి: ప్రాథమిక బడిలో చదువు, రాత, సాంకేతికత

ఒకే ఉపాధ్యాయుడున్న ప్రాథమిక పాఠశాలలో పాతికమంది పిల్లలున్నారనుకుందాం. ఒక్కొక్కరూ రోజుకు రెండు నిమిషాలు పైకి చదివి, ఆయన పక్కన కూర్చుని వింటే దానికే యాభై నిమిషాలు పడుతుంది. ఆ యాభై నిమిషాలూ మిగతా ఇరవై నలుగురు ఏం చేయాలి, అయిదు తరగతుల లెక్కలు ఎప్పుడు చెప్పాలి, హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు యాప్‌లో ఎవరు ఎక్కించాలి అన్నవి ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు. ఇది ఊహించుకున్న ఇబ్బంది కాదు. కేంద్ర విద్యాశాఖ బడుల వివరాలు సేకరించే యూడైస్ ప్లస్ 2024-25 లెక్కల ప్రకారం దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువ, 12,900కు పైగా, ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి.

అందుకే మన బడుల్లో చదువు ఎక్కువగా బృందగానంలా సాగుతుంది. ఒకరు ముందు చెబితే అందరూ కలిసి అంటారు. చదవడం వచ్చినవాళ్ల గొంతులో రానివాళ్ల గొంతు కలిసిపోతుంది, పాఠం కంఠతా వచ్చేస్తుంది, వేలు మాత్రం వేరే పంక్తి మీద ఉంటుంది. ఇంటింటికీ వెళ్లి ఒక్కొక్కరి చేత విడిగా చదివించే అసర్ సర్వేలో అసలు సంగతి బయటపడుతుంది. 2024లో గ్రామీణ భారతంలోని ప్రభుత్వ బడుల అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 44.8 శాతం. 2022లో అది 38.5 శాతం. కోవిడ్ దెబ్బ నుంచి కోలుకుంటున్న మాట నిజమే, అయినా సగానికి పైగా పిల్లలు ఇంకా గట్టెక్కలేదు.

టీవీ, ట్యాబ్, యాప్ అంటూ బడికి వచ్చే ప్రతి వస్తువునూ ఈ నేపథ్యంలో చూడాలి. చదువు నేర్చుకునే తరగతిలో ప్రధానంగా కొరతగా ఉన్నవి, పిల్లలు చదువుతుంటే వినే మనిషి, వాచకం దాటి చదవడానికి పుస్తకాలు, పిల్లలు రాసినదాన్ని మార్కుల కోసం కాకుండా చదివే పాఠకుడు. ఈ కొరతల్లో ఏ ఒక్కటి తీర్చినా ఆ యంత్రానికి బడిలో చోటుంది. పిల్లల చెయ్యి చేయాల్సిన పనినీ, బుర్ర చేయాల్సిన పనినీ తానే చేసిపెట్టే యంత్రం ఎంత ఖరీదైనదైనా నష్టమే చేస్తుంది.

వినే పనితో మొదలుపెడదాం. 2019 మార్చిలో గూగుల్ సంస్థ 'బోలో' అనే యాప్‌ను భారతదేశంలో విడుదల చేసింది. మరుసటి ఏడాది అది 'రీడ్ అలాంగ్' పేరుతో ఇతర దేశాలకు వెళ్లేనాటికి అందులో తెలుగు కూడా ఉంది. తెర మీద కథ కనిపిస్తుంది, పిల్లలు పైకి చదువుతారు, ఫోను వింటుంది. సరిగ్గా పలికిన మాట రంగు మారుతుంది. తడబడిన చోట ఆ మాటను తాకితే దియా అనే బొమ్మ పలికి చూపిస్తుంది. కథలను ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని 200 గ్రామాల్లో జరిపిన తొలి ప్రయోగంలో మూడు నెలల్లో 64 శాతం పిల్లల చదివే నైపుణ్యం మెరుగుపడిందని కంపెనీ ప్రకటించింది. ఇలాంటి అంకెను చూసినప్పుడు ఒక విషయం మరచిపోకూడదు. ఆ వయసులో మూడు నెలలు గడిస్తే యాప్ లేని పిల్లలూ కొంత ముందుకు పోతారు. కాబట్టి చూడవలసింది యాప్ వాడినవారికీ వాడనివారికీ మధ్య తేడా.

అయినా ఈ ఆలోచన మంచిదే. కూడబలుక్కుని చదివే దశలో ఉన్న పిల్లలకు తోటివారి ముందు చదవడమంటే సిగ్గు, మాస్టారి ముందు చదవడమంటే భయం. ఫోనుకు విసుగు రాదు, అది వెక్కిరించదు. ఒకే వాక్యాన్ని పదిసార్లు చదివినా వింటుంది. పైగా ఇక్కడ యంత్రం చేసే పని మరీ కష్టమైనది కాదు. ఎదుటివారు ఏం మాట్లాడతారో తెలియకుండా మాటలను పోల్చుకోవడం వేరు, తెర మీద ఉన్న వాక్యమే వినబడుతోందా లేదా అని సరిచూసుకోవడం వేరు. రెండోది చాలా సులభం, అందుకే చిన్న ఫోనులో కూడా సాగుతుంది.

చిక్కు మరోచోట ఉంది. యంత్రం ఉదారంగా ఉంటే ఊహించి చదివినదాన్ని కూడా ఒప్పుకుంటుంది. కఠినంగా ఉంటే యాసను తప్పు పడుతుంది. పుస్తకంలోని క్రియాపదాన్ని తన ఇంటి మాటలోకి మార్చి చదివే పిల్లవాడు శ్రీకాకుళంలోనూ ఉంటాడు, ఆదిలాబాద్‌లోనూ ఉంటాడు. అనుభవమున్న ఉపాధ్యాయుడు దాన్ని విని సంతోషిస్తాడు, ఎందుకంటే పిల్లవాడికి అర్థం కాకపోతే ఆ మార్పు జరగదు. యంత్రానికి అది వట్టి తప్పు. తప్పు తప్పని పదేపదే చెబితే పిల్లలు అర్థాన్ని వదిలి శబ్దం వెంట పడతారు. యంత్రానికి నచ్చేలా గొంతు మార్చుకోవడం పిల్లలకు ఎంత తేలికో హైదరాబాద్‌లోనే ఒకసారి రుజువైంది. సుగత మిత్రా, జేమ్స్ టూలీ తదితరులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, ఇక్కడి పేద కుటుంబాల పిల్లలు కంప్యూటర్ తమ ఇంగ్లిష్‌ను సరిగ్గా అచ్చు వేసేదాకా ఉచ్చారణను తమంతట తామే దిద్దుకుంటూ పోయారు. పరాయి భాష ఉచ్చారణకు అది విజయమే. అదే ఒరవడి ఇంటిభాష మీద పడితే దాన్ని విజయమనడం కష్టం.

తెలుగు లిపి దగ్గరికి వస్తే మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. విదేశీ నమూనాల మీద తయారైన చాలా యాప్‌లు అక్షరాలను కొన్ని వారాల్లో ముగించి మాటల్లోకి దూకుతాయి. ఇరవై ఆరు అక్షరాల భాషకు అది సరిపోతుంది. తెలుగులో ముప్పై దాటిన హల్లులు, ఒక్కొక్కదానికీ గుణింతం, ఇవి కలిపితేనే నాలుగు వందలకు పైగా రూపాలు. వత్తులు, సంయుక్తాలు ఇంకా మొదలే కాలేదు. మన లిపికి తోబుట్టువైన కన్నడ మీద సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పిల్లలకు ఈ అక్షర సంపద పూర్తిగా పట్టుబడడం నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుంది. కాబట్టి మూడో తరగతిలో వత్తుల దగ్గర తడబడే తెలుగు పిల్లను 'వెనుకబడిన' గుంపులో పడేసే యాప్ మన లిపిని అర్థం చేసుకోలేదన్నమాట. సంయుక్తాక్షరాలు పెద్ద పెద్ద కంపెనీలనే ఇబ్బంది పెట్టాయి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞ'తో కూడిన ఒక సంకేతాల వరుస సందేశంగా చేరితే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఆపిల్ సంస్థ ప్రత్యేకంగా సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. 'జ్ఞానం' దగ్గర ఆగిపోయే పిల్లల మీద విసుక్కునే పెద్దలు ఈ సంగతి గుర్తు చేసుకోవచ్చు.

వేగం లెక్కలోనూ ఇదే తంటా. 2021 జూలైలో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ అనే ప్రాథమిక చదువు, లెక్కల కార్యక్రమం లక్ష్యాల్లో మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలన్నది ఒకటి. 'వెళ్లలేకపోతున్నానని' అన్నది తెలుగులో ఒక్క పదం. చిన్న చిన్న పదాలున్న భాషకూ తెలుగుకూ ఒకే అంకె పెట్టి పరుగు పందెం నిర్వహిస్తే మన పిల్లలు ఎప్పుడూ నెమ్మదిగానే కనిపిస్తారు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ జరిపిన పునాది అభ్యసన అధ్యయనం ఇరవై భాషలకు విడివిడిగా ప్రమాణాలు కట్టడం సరైన పద్ధతి. బడికి యాప్‌ను ఎంచుకునేవారు ఆ యాప్ వేగాన్ని దేనితో కొలుస్తోందో, అసలు కొలవాల్సిన అవసరం ఏమిటో అడిగి తెలుసుకోవాలి.

తెలంగాణ ప్రభుత్వం 2025లో ఏక్‌స్టెప్ ఫౌండేషన్ సహకారంతో, కృత్రిమ మేధ సాయంతో చదువు నేర్పే కార్యక్రమాన్ని కొన్ని జిల్లాల ప్రాథమిక పాఠశాలల్లో మొదలుపెట్టింది. చదవడంలో వెనుకబడిన పిల్లలను గుర్తించి, వారిని కొద్దిసేపు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టే పద్ధతి ఇది. అందరికీ ఒకే పాఠం చూపించే టీవీ కంటే ఇది మెరుగైన ఆలోచన. దాని ఫలితం మాత్రం, కంప్యూటర్ ముందు కొద్దిమంది కూర్చున్న ఆ కొద్దిసేపట్లో ఉపాధ్యాయుడు మిగతావారితో ఏం చేస్తున్నాడన్నదాని మీద ఆధారపడుతుంది. వినే పనిని యంత్రానికి అప్పగించి ఆయన రిజిస్టర్లు నింపుతూ కూర్చుంటే లాభం సున్నా. యంత్రం పదిమందిని చూసుకుంటున్నప్పుడు మిగతా వారిలో ఇద్దరి చేతనైనా చదివించుకుని వింటే, మొదట్లో చెప్పుకున్న యాభై నిమిషాల లెక్కకు ఒక దారి దొరికినట్టే.

పుస్తకాల కొరత సంగతి త్వరగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే ఇక్కడ సాంకేతికత చేసిన మేలు మీద పెద్దగా వివాదం లేదు. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ 2015లో స్టోరీవీవర్ వేదికను తెరిచింది. అందులోని బొమ్మల కథలన్నీ స్వేచ్ఛా లైసెన్సు కింద ఉంటాయి. ఎవరైనా చదవవచ్చు, దించుకోవచ్చు, అచ్చు వేయవచ్చు, తమ భాషలోకి మార్చుకోవచ్చు. తెలుగులోనూ కథలు బాగానే ఉన్నాయి. కథలను నాలుగు స్థాయిలుగా విడగొట్టారు, మొదటి స్థాయి కథలు 250 పదాల లోపు ఉంటాయి. తెలుగు పదాల పొడవు గురించి పైన చెప్పిన మాట ఇక్కడా వర్తిస్తుంది. ఇంగ్లిష్‌లో ఒకటో స్థాయి కథ తెలుగులోకి వచ్చాక పదాల సంఖ్య తగ్గి, చదవడం మాత్రం కష్టం కావచ్చు. తరగతికి తీసుకెళ్లే ముందు ఉపాధ్యాయులు ఒకసారి చదివి, వత్తులు ఎక్కువున్న కథలను పై తరగతికి పంపడం మంచిది.

మన ముద్రణ రంగం అలవాటు ఒకటి ఇక్కడ అడ్డు పడుతోంది. తెలుగు డీటీపీ పని చాలాకాలం యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతి) కాని ఖతులతోనే నడిచింది, ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. ఆ ఖతులతో తయారైన పుస్తకం పీడీఎఫ్‌లో కంటికి చక్కగా కనిపిస్తుంది. దాన్ని చదివి వినిపించమని కంప్యూటర్‌ను అడిగితే దానికి అర్థంలేని గుర్తుల వరుస తప్ప ఏమీ కనబడదు. చూపులేని పిల్లలకు, చదవడంలో ప్రత్యేక ఇబ్బందులున్న పిల్లలకు ఎంతో పనికొచ్చే సౌకర్యం ఈ ఒక్క కారణంతో దూరమవుతోంది. వాచకాల మీద క్యూఆర్ కోడ్ ముద్రించి, దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికకు కలపడం మంచి పనే. వాచకం పాఠాన్నే యూనికోడ్‌లో అందుబాటులో పెడితే ఇంకా ఎక్కువ ఉపయోగం.

ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు కింద ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు ఇచ్చారు. వాటిలో పాఠాల వీడియోలు వేసి పిల్లలను కూర్చోబెట్టడం సులువైన దారి. దానికంటే చవకైన, మెరుగైన వాడకం ఒకటుంది. పాట వినబడుతుంటే అదే భాషలో ఆ పాట మాటలు తెర కింద కనిపించడం, పాడుతున్న మాట రంగు మారడం. అహ్మదాబాద్ ఐఐఎంలో పనిచేసిన బ్రిజ్ కొఠారీ చొరవతో 1999లో గుజరాత్ దూరదర్శన్‌లో మొదలైన పద్ధతి ఇది. ఇదే ఒరవడిలో తెలుగులోనూ బొమ్మల కథలు వీడియోలుగా దొరుకుతున్నాయి. పిల్లలకు పాట ముందే నోటికి వచ్చి ఉంటుంది కాబట్టి, నోటిలో ఉన్న మాటకూ కంటికి కనిపిస్తున్న అక్షరానికీ లంకె కలపడం ఒక్కటే మిగిలిన పని. కోవిడ్ కాలంలో టీవీ పాఠాలు చేయలేకపోయింది ఇదే. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1న టీశాట్, దూరదర్శన్ యాదగిరిల ద్వారా పాఠాలు మొదలైనప్పుడు అవి మూడో తరగతి నుంచే ఉన్నాయి. అక్షరాలు దిద్దాల్సిన ఒకటి, రెండు తరగతుల పిల్లలకు తెర మీద చెప్పగలిగింది పెద్దగా లేదని అప్పుడే ఒప్పుకున్నట్టయింది.

రాత దగ్గర లెక్క పూర్తిగా మారుతుంది.

ఫ్రాన్స్‌లో మరీకే లాంగ్‌కాంప్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో మూడు నుంచి అయిదేళ్ల పిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు అక్షరాలను చేత్తో రాయడం ద్వారా, రెండో గుంపుకు కీబోర్డు మీద నొక్కడం ద్వారా నేర్పారు. వారిలో కాస్త పెద్ద పిల్లల్లో, చేత్తో రాసినవారే అక్షరాలను బాగా గుర్తుపట్టారు. అమెరికాలో కరిన్ జేమ్స్ 2012లో ప్రచురించిన పరిశోధన మరో అడుగు ముందుకు వేసింది. ఇంకా చదవడం రాని అయిదేళ్ల పిల్లలు అక్షరాన్ని సొంతంగా రాశాక, దాన్ని చూసినప్పుడు చదవడానికి సంబంధించిన మెదడు భాగాలు మేలుకున్నాయి. కీ నొక్కినప్పుడు, చుక్కల గీత మీద దిద్దినప్పుడు అంతగా మేలుకోలేదు. వంకరటింకరగా, ప్రతిసారీ ఒక్కో రకంగా రాయడమే మేలు చేస్తుందని ఆమె వివరణ. అన్ని రూపాలు చూశాకే అది ఒకే అక్షరమన్న ఎరుక కలుగుతుంది.

ఈ రెండో ఫలితం మన యాప్‌ల తయారీదారుల కంట పడాల్సింది. అక్షరాలు నేర్పే తెలుగు యాప్‌లలో చాలావాటిది ఒకటే పద్ధతి. చుక్కల అక్షరం మీద వేలు జరిపితే చప్పట్లు, నక్షత్రాలు. వేలు కాస్త పక్కకు పోతే గీత ముందుకు కదలదు. అంటే తప్పు రాసే అవకాశమే లేదు. పలక మీద గురువు రాసిన అక్షరాన్ని దిద్దడం మనకు పాత అలవాటే కదా అనవచ్చు. నిజమే, కాని దిద్దిన తర్వాత చెరిపేసి సొంతంగా రాయమనేవారు. యాప్ చాలాసార్లు చప్పట్లతోనే ఆగిపోతుంది.

ఇక కీబోర్డు. 'స్త్రీ' అన్న అక్షరాన్ని తీసుకుందాం. చేత్తో రాసేటప్పుడు పిల్లలు ముందు 'స'కు గుడి దీర్ఘమిచ్చి 'సీ' రాస్తారు, తర్వాత కింద త వత్తు, ర వత్తు ఇస్తారు. పైకి చెప్పుకునేదీ అదే వరుసలో. ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక తెలుగు కీబోర్డులో స, పొల్లు, త, పొల్లు, ర నొక్కాక చివరికి గుడి దీర్ఘం వస్తుంది. చెయ్యి నేర్చిన వరుస ఒకటి, యంత్రం అడిగే వరుస మరొకటి. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునే పద్ధతి పెద్దలకు హాయి. తెలుగు మాట్లాడడం వచ్చి రాయడం రాని విదేశాల్లోని పిల్లలకు కూడా అది దగ్గర దారే. ఊరి బడిలోని రెండో తరగతి పిల్లకు మాత్రం ఇంకా సరిగ్గా రాని ఒక భాషను రాయడానికి అసలే రాని మరో భాష అక్షరాలను వాడమన్నట్టు. వర్ణాలు విడదీసి చూపించే కీబోర్డు నాలుగు, అయిదు తరగతుల్లో వ్యాకరణం చెప్పడానికి చక్కగా పనికొస్తుంది. వత్తంటే పొల్లు మీద కూర్చున్న హల్లేనని పిల్లలు స్వయంగా కనిపెడతారు. అంతకు ముందు తరగతుల్లో కీబోర్డు అవసరం లేదని తేల్చి చెప్పడమే మేలు.

మరి రాత ప్రాజెక్టుల్లో సాంకేతికతకు ఏం పని మిగిలింది? చాలా మిగిలింది, కాకపోతే అది రాతకు ముందూ తర్వాతా ఉంది.

మన మూల్యాంకన పద్ధతిలో 'ప్రాజెక్టు పని' అనేది ఎప్పటి నుంచో ఉంది. నిర్మాణాత్మక మూల్యాంకనంలో దానికి మార్కులున్నాయి. ఆచరణలో అది ఏమైందో తల్లిదండ్రులందరికీ తెలుసు. జాతీయ నాయకుల గురించి, పండుగల గురించి ప్రాజెక్టు ఇస్తారు. పిల్లలు జిరాక్సు షాపుకు వెళ్లి పది రూపాయలిస్తే షాపతను వికీపీడియా పేజీ, రెండు బొమ్మలు ప్రింటు తీసి ఇస్తాడు. ఇంట్లో అమ్మ కత్తిరిస్తుంది, అక్క అంటిస్తుంది, చార్టు బడి గోడకెక్కుతుంది. రాత ప్రాజెక్టులో సాంకేతికత ఇప్పటికే ప్రవేశించింది, కాని వచ్చింది ఇలా. దీన్ని ఆపే మార్గం నిషేధం కాదు. ఇంటర్నెట్‌లో దొరకని అంశాన్ని ఇవ్వడం. మీ వీధిలో బోరింగు ఎవరు వేయించారు, నాయనమ్మ చిన్నప్పుడు బడి ఎక్కడుండేది, చెరువు నిండిన ఏడాది ఊరు ఏం చేసింది? ఇవి ఏ వెబ్‌సైటులోనూ ఉండవు, అడిగి తెలుసుకోవాలి.

అక్కడే ఫోను పనికొస్తుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలకు చెప్పడం వచ్చినంత బాగా రాయడం రాదు. నోటి నుంచి కథ పరుగెత్తుతుంటే చెయ్యి ఒక్కో వత్తు దగ్గర ఆగుతుంది. వాక్యం ముగిసేసరికి తర్వాతి వాక్యం మరచిపోతారు. చాలా పిల్లల రాతలు మూడు పంక్తులతో ఆగిపోవడానికి కారణం ఊహ లేకపోవడం కాదు, చెయ్యి అందుకోలేకపోవడం. పిల్ల చెబుతున్నప్పుడు ఫోనులో రికార్డు చేసి, ఒక్కో ముక్కా వినిపిస్తూ తనచేతే రాయిస్తే కథ జారిపోదు. వింటున్నప్పుడు 'ఇక్కడ ఒక మాట మరచిపోయాను' అని తానే సవరించుకుంటుంది. రెండోసారి రాయమంటే మొరాయించే పిల్లలు కూడా రెండోసారి వినడానికి మొరాయించరు. ఖర్చు లేదు, డేటా అక్కర్లేదు, ఏ మామూలు ఫోనైనా సరిపోతుంది.

ఇంకా రాయడమే రాని పిల్లలకు మాటను అక్షరంగా మార్చే సౌకర్యం వాడవచ్చు. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్ వార్నర్, ఏ పిల్లకు ఏ మాట మనసుకు దగ్గరో అడిగి, దాన్ని అట్ట మీద రాసి ఆ పిల్లకే ఇచ్చి చదివించేవారు. తన మాటే కాబట్టి ఆ పిల్ల దాన్ని మరచిపోయేది కాదు. పిల్ల చెప్పిన నాలుగు వాక్యాలను ఫోను తెలుగులో రాసి చూపిస్తే, ఉపాధ్యాయుడు తప్పులు సరిచేసి నల్లబల్ల మీద ఎక్కిస్తే, ఆ రోజుకు అదే వాచకం. అయితే దీన్ని చదివించడానికే వాడాలి. అది రాసింది తన రాత అని పిల్ల అనుకోవడం మొదలుపెడితే చెయ్యి ఎప్పటికీ అందుకోదు.

ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామీ, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో తెలుగు లిపితో చదువు ప్రారంభించింది. ఆ భాషల్లో చాలావాటిలో పిల్లల మాటను నమ్మకంగా అక్షరంగా మార్చే యంత్రం మన బడులకు ఇంకా అందలేదు, తెలుగు యంత్రానికి కోయ వినిపిస్తే అది దగ్గరి తెలుగు మాటలేవో అతికిస్తుంది. అక్కడ రికార్డరు, దాన్ని విని రాసే మనిషి తప్ప దారి లేదు. అలా పోగైన పిల్లల కథలే రేపు ఆ భాషలకు పుస్తకాలవుతాయి.

రాత తర్వాతి పని పాఠకుడిని వెతకడం. ఇందులో వందేళ్ల కిందటి పాఠం ఒకటుంది. ఫ్రాన్స్‌లోని బార్ సుర్ లూ అనే కొండ ఊరి బడిలో సెలెస్టిన్ ఫ్రెనే అనే ఉపాధ్యాయుడు 1924లో చిన్న అచ్చు యంత్రం కొన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తులకు గాయమై ఎక్కువసేపు మాట్లాడలేని మనిషి. పిల్లలు తమ అనుభవాలు రాసేవారు, ఏది అచ్చు వేయాలో తామే ఎంచుకునేవారు, సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చేవారు. 1926 నుంచి ఆ పేజీలు దేశం మరో చివర బ్రిటనీ తీరంలోని ట్రెగంక్ బడికి వెళ్లేవి, అక్కడి పిల్లలవి ఇక్కడికి వచ్చేవి. కొండ ఊరి పిల్లలకు చేపల వేట గురించి చెప్పాలంటే ఎంత వివరంగా రాయాలి! ఏది చెప్పకపోతే ఎదుటివారికి అర్థం కాదో తెలియడమే రచనలో సగం. మార్కులేసే ఉపాధ్యాయుడికి మన ఊరి చెరువు ముందే తెలుసు, అందుకే ఆయన కోసం ఎవరూ వివరంగా రాయరు.

ఈ మార్పిడి ఇవాళ మనకు చాలా సులువు. ఒక బడి కృష్ణా లంక గ్రామాల్లో, మరో బడి నల్లమలలో. పిల్లలు చేత్తో రాసిన పేజీని ఫోటో తీసి పంపితే చాలు, టైపు చేయనక్కర్లేదు. అవతలి బడి పిల్లలు మరో పిల్లవాడి చేతిరాత చదవాల్సి వస్తుంది, అదీ చదువే. వచ్చే ప్రశ్నలే రెండో ప్రతికి కారణమవుతాయి. కొంచెం పెద్ద పిల్లలు ఎంపిక చేసిన కథలను టైపు చేసి, ఎ4 కాగితాన్ని మడిచి ఎనిమిది పేజీల పుస్తకం చేస్తే బడి గ్రంథాలయానికి ఒక కొత్త పుస్తకం వచ్చినట్టే. అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతం నుంచి 2008లో మొదలైన 'కొత్తపల్లి' పిల్లల పత్రిక పల్లె పిల్లలు రాసిన కథలను వారి బొమ్మలతో సహా యూనికోడ్ తెలుగులో అంతర్జాలంలో పెట్టింది. తెలంగాణలో పలు జిల్లాల ప్రభుత్వ ఉపాధ్యాయులు తమ బడిపిల్లల కథలను సంకలనాలుగా వేస్తున్నారు. వనరులు లేవన్న మాటకు ఇవి గట్టి జవాబు. పిల్లల ఫోటోలు, గొంతులు అందరూ చూసే గ్రూపుల్లో పెట్టేముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలన్న సంగతి మాత్రం మరవకూడదు. పద్దెనిమిదేళ్ల లోపువారి సమాచారానికి ఆ అనుమతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా చెబుతోంది.

టైపు చేసే పెద్దలకు ఒక జబ్బుంది, కథను 'బాగు' చేయడం. పిల్ల 'ఎండకి మా గేదె అలిగింది' అని రాస్తే అది 'వేసవి తాపానికి మా గేదె అస్వస్థతకు గురైంది' అయిపోతుంది. ఇప్పుడు ఈ పనిని కృత్రిమ మేధ క్షణంలో చేసిపెడుతోంది. ముప్పైమంది పిల్లల కథలను ఇచ్చి మెరుగుపరచమంటే ముప్పై కథలూ ఒకే గొంతుతో, చివర ఒకే నీతితో తిరిగి వస్తాయి. అక్షర దోషాలు దిద్దడం వరకే హద్దు పెట్టుకోవాలి, అదీ పిల్లల పక్కన కూర్చుని. వాక్యం జోలికి వెళ్లకూడదు. ఉపాధ్యాయుడికి మాత్రం అదే యంత్రం మంచి సహాయకుడు. నాలుగు స్థాయిల పిల్లలకు ఒకే కథను నాలుగు రకాలుగా, వత్తులు లేకుండా ఒకటి, ద్విత్వాలతో ఒకటి, రాసిమ్మని అడగవచ్చు. వచ్చినదాన్ని చదవకుండా తరగతికి తీసుకెళ్లకూడదంతే.

కొనుగోళ్ల కథ వేరే దారిలో నడుస్తోంది. పెరూ దేశం పిల్లకో ల్యాప్‌టాప్ పథకం కింద మారుమూల ప్రాథమిక బడులకు లక్షల కంప్యూటర్లు పంచింది. 319 బడుల్లో జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. కంప్యూటర్ల సంఖ్య విద్యార్థికి ఒకటి దాటింది, భాషలో, లెక్కల్లో ఫలితం మాత్రం కదలలేదు. మన దగ్గర 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చింది. వాటిలోని పాఠాలు ఇచ్చిన బైజూస్ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కంపెనీ మీద ఆధారపడిన పాఠానికీ, స్టోరీవీవర్ కథలాగా ఎవరైనా దాచుకుని అచ్చు వేసుకోగల పాఠానికీ తేడా ఇక్కడ తెలుస్తుంది. తరగతి గదిలో తెరలను ముందుగా నింపిన స్వీడన్ 2023లో అచ్చు పుస్తకాలు కొనడానికి 68.5 కోట్ల క్రోనర్లు కేటాయించింది.

కేంద్ర పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్ష కింద ముప్పైమంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చే ఉమ్మడి గ్రాంటు 10,000 రూపాయలు. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్నాచితకా మరమ్మతులు అన్నీ అందులోనే. ప్రాథమిక బడి గ్రంథాలయానికి విడిగా 5,000 దాకా ఇస్తారు. ఆ గ్రంథాలయ సొమ్ములో కొంత భాగంతో స్వేచ్ఛా లైసెన్సు కథలనూ, పిల్లలు రాసిన కథలనూ బడిలోనే ప్రింటు తీసుకుని కుట్టుకోవచ్చని ఒక ఉత్తర్వు ఇచ్చి, మండలానికి రెండు మూడు ప్రింటర్లు స్కూల్ కాంప్లెక్సుల్లో పెడితే, ట్యాబ్‌ల మీద పెట్టిన ఖర్చులో ఇది వెంట్రుకవాసి. కొత్త యాప్ ఏదీ తయారు చేయనక్కర్లేదు.